వేళ్లు

సూపరింటెండెంట్ మేడం బదిలీ మీద పోతూ
బల్ల మీది ఆర్కిడ్ కుండీ నా చేతిల పెట్టింది,
"సైదమ్మా, ఇది నీ దగ్గరైతే బతుకుతది" అని.
ఎందుకన్నదో తెల్వదు.
ఇరవై రెండేండ్లు నల్లగొండ పెద్దాసుపత్రి చీకటి గదిల
బొక్కల ఫొటోలు తీసుకుంట బతికినదాన్ని,
పూల సంగతి నాకేం ఎరుక.

రామగిరిల మాది రెండో అంతస్తు.
కిటికీ పక్కన పెట్టిన.
పొద్దున ఒక చెంబు, మాపటికి ఒక చెంబు.
రోహిణి కార్తెల మనిషికే నాలుక పిడచగడుతుంటే
చెట్టుకు ఆగుతదా అనుకున్న.
తొమ్మిది పూలుండె.
ఒక్కొక్కటే ముడుచుకొని రాలినయి.
ఆకులు వేలాడబడ్డయి,
నానబెట్టి మర్చిపోయిన అప్పడం లెక్క.
దూపైతుందేమోనని
ఇంకో చెంబు పోసిన.

పక్కింటి నఫీసా ఎరువు వెయ్యమన్నది.
మా ఆయన పేపరు దించకుండనే
"పారెయ్" అన్నడు.

ఆదివారం కుండీ బోర్లించిన.
ముందు వాసన వచ్చింది, తర్వాత వేళ్లు.
నల్లగ, ఒత్తితే నీళ్లు కారే గుజ్జు,
లోపల సన్నటి దారమొక్కటే మిగిలి.
ఇంకొన్నిటికి తెల్లటి పొర, గోకితే రాలుతది,
బోరు నీళ్ల బిందె అడుగున
పేరుకునే సున్నమే అది.

అప్పుడు యాదికొచ్చింది ఒక చెయ్యి.
మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన,
ప్లేటు మీద అరచెయ్యి పరవమంటే పరవలేకపోయిండు.
"వేళ్లు సాపుగ రావు బిడ్డా"
తప్పు చేసినట్టు అన్నడు.
ఫిల్ము కడిగి ఆరబెడితే
బొక్క బొక్కా సుద్దముక్క తెలుపు.
"ఏమున్నదమ్మా దాంట్ల?"
నేను చెప్పొద్దు. తీసుడే నా పని, చెప్పుడు డాక్టరు పని.
"పెద్ద సార్ చెప్తడు తాతా" అన్న.
సార్ ఆ రోజు రాలేదు.

చేతివీ వేళ్లే, చెట్టువీ వేళ్లే,
మనకు రెంటికీ ఒక్కటే మాట.
ఈసారి నేను చెప్పొచ్చు, ఎవరూ ఆపరు.
పైకే చెప్పిన, వంటింట్ల, కత్తెర పట్టుకొని:
నీకు దూప కాదు, నువ్వు మునిగిపోయినవు.
నీకు గాలి ఆడుతలేదు.
నువ్వు తాగిన నీళ్లల్లనే ఉన్నది ఉప్పు.

మా ఆయన పేపరు దించిండు.

కత్తెరను పొయ్యి మీద కాల్చి
కుళ్లినయన్నీ కోసిన.
పదిహేడింట్ల నాలుగు మిగిలినయి.
కోసినకాడ దాల్చినచెక్క పొడి అద్దితే
ఇల్లంత దావత్ వాసన.
ఇస్త్రీ బండి మల్సూరు దగ్గర చల్లారిన బొగ్గులు,
పగిలిన బంగ్లపెంకు ముక్కలు, కొబ్బరి పీచు,
అంతే, మట్టి చిటికెడు లేదు.
"మట్టి లేకుండ చెట్టేందక్కా" అని మల్సూరు నవ్విండు.
నిజానికి నాక్కూడ నమ్మకం లేదు.

కింది బ్యాంకు ఏసీ పైపుకు సీసా కట్టిన,
మృగశిర చినుకులకు డాబా మీద బేసిన్ పెట్టిన.
ఆదివారానికి ఒక్క గ్లాసు,
అదీ పోసి, పూర్తిగ వడకట్టినంక లోపల పెట్టుడు.
పొయ్యడం ఏం కష్టం?
పొయ్యకుండ ఉండుడే కష్టం.
చెయ్యి దానంతటదే చెంబు దిక్కు పోతది.
ఆషాఢంల ఒక ఆకు పసుపెక్కి ఊడింది.
రెండు రోజులు దాని దిక్కు చూడలేదు.

పెత్రమాస ఇంక రెండు రోజులున్నదనంగ,
బజారంత తంగేడు, గునుగు కట్టలు దిగుతుంటే,
ఆకు సందుల పెసరగింజంత పచ్చ.
మొగ్గేమోనని కళ్లజోడు పెట్టుకున్న.
కాదు, వేరు.
కుండీలకు పోలేదది,
అంచు దాటి, బయటికి, ఉత్త గాలిలకు,
కొద్దిగ వంకరగ.

సాపు చెయ్యబోయి ఆగిన.
ఇయ్యాల గురువారం,
నీళ్ల రోజు కూడ కాదు.